బెంచీ మీద అబద్ధం

గూరక్ ఊరి సముద్రపు ఒడ్డున మా బెంచీకి ఒక కట్టుబాటు ఉంది. కళ్ళారా చూసిన ఓడనే చెప్పాలి. ఊహించి చెప్పకూడదు. ఫోను తీసి అందులో పేరు చూసి అసలే చెప్పకూడదు. ఒక ఓడను పట్టుకుని ఇంకో ఓడ అన్నవాళ్ళు ఆ పూట అందరికీ సాసేజి రొట్టెలు కొనాలి. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. కానీ లేనిదాన్ని ఉందని చెప్పినవాళ్ళు మాత్రం బెంచీ దిగిపోవాల్సిందే. ఎరిక్ స్ప్రౌల్ అలాగే దిగిపోయాడు. మేమెవరమూ లేనప్పుడు జలాంతర్గామి ఒకటి నీళ్ళలోంచి తల ఎత్తి తనకేసే చూసిందని కోతలు కోశాడు. అప్పటినుంచీ మరుగుదొడ్ల పక్క బెంచీ మీద ఒక్కడే కూర్చుంటున్నాడు. ఎదురుపడితే తల ఊపుతాం, అంతకుమించి మాటల్లేవు.

ఇదంతా మీకు పిల్లచేష్టల్లా అనిపిస్తే అనిపించనివ్వండి, నాకేం నష్టం లేదు. మా నాన్నల కాలంలో ఈ ఒడ్డున ఓడలు కట్టేవారు. మా కాలంలో వాటి మీద పనిచేశాం. ఇప్పుడు కట్టడం పోయింది, పనీ పోయింది, చూడటం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటైనా సవ్యంగా చెయ్యకపోతే ఇక మేమెందుకు?

బెంచీ మీద ముగ్గురం కూర్చుంటాం. నా పేరు నెటా గిల్‌క్రిస్ట్. రేవులో టికెట్ల కిటికీ వెనక కూర్చుని జీవితమంతా గడిపాను. నా నోటికి జడిసి వరసలో ఎవరూ ముందుకు తోసుకొచ్చేవారు కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండోవాడు ఫర్గస్. పెద్ద ఓడల్ని లాగే టగ్గు పడవల మీద పనిచేసి దిగాడు. దవడ ఆడించకుండా అతను కూర్చోగా నేను చూడలేదు. మూడోవాడు డూగల్ మెకెల్లార్. ఓడలకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీద, తాళ్ళకు కట్టిన పలక మీద వేలాడుతూ, పక్క ఊరు గ్రీనక్ రేవులో ఎన్ని ఓడలకు రంగు వేశాడో అతనికే గుర్తులేదు.

రంగుల విషయంలో డూగల్‌తో వేగడం మహా కష్టం. నేను "అదిగో ఎర్ర ఫెర్రీ" అంటే ఊరుకోడు.

"ఏ ఎరుపు?" అంటాడు.

"ఎరుపు ఎరుపేనయ్యా. ఎన్ని ఉంటాయేంటి?"

"నీ మొహం. టమాటా ఎరుపు ఒకటి, ఇటుక ఎరుపు ఒకటి, పోస్టుడబ్బా ఎరుపు ఒకటి. అన్నీ ఒకటే అంటే మమ్మల్ని ఎందుకు పెట్టుకున్నారు, నీలాంటి వాళ్ళనే పెట్టుకుని వేయించుకునేవాళ్ళు కదా!"

ఇలా ఒక ఫెర్రీ అవతలి ఒడ్డున ఉన్న డనూన్ వెళ్ళి తిరిగొచ్చేదాకా కొట్టుకునేవాళ్ళం. సుఖంగా ఉండేది.

పోయిన శరత్కాలంలో ఒకరోజు, ఎదురుగా కిల్‌క్రెగన్ వైపు నుంచి ఇసుక తవ్వే పడవ ఒకటి మెల్లగా వస్తోంది. డూగల్ దాన్ని చూసి, "కంటెయినర్ల ఓడ, నీలం పొట్ట" అన్నాడు. ఫర్గస్ నమలడం ఆపేశాడు. నేను పళ్ళు బయటపెట్టి నవ్వాను.

"ఏమయ్యా, పొద్దున్నే గ్లాసు ఎత్తావా? ఇసుక పడవ అది! లే, లేచి రొట్టెలు తే."

గొడవపడతాడనుకున్నాను. కనీసం నా చూపు మీద ఓ చురక వేస్తాడనుకున్నాను. అదేం లేదు. లేచాడు, కొట్టుకెళ్ళాడు, రొట్టెలు తెచ్చి చేతిలో పెట్టాడు.  డూగల్ మెకెల్లార్ నోరు మూసుకుని రొట్టెలు కొన్నాడంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. ఓడ వైపు తిన్నగా చూడటం మానేశాడు. తల పక్కకు తిప్పి, కోడి గింజను చూసినట్టు ఓరగా చూస్తున్నాడు. మెట్టు దిగేటప్పుడు కాలితో తడుముతున్నాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. కానీ మా పోట్లాటలు మాత్రం పెంచేశాను. పెంచడమంటే ఎలా? ఏ ఓడ కనిపించినా దాని మీద నోరు పారేసుకునేదాన్ని.

"ఆ వచ్చేదాన్ని చూశావా? ఎవడు వేశాడో ఆ పచ్చరంగు, నీళ్ళగీత దగ్గర పెచ్చులు పెచ్చులు ఊడిపోయింది. మీద కలప దుంగలు. ఎడంపక్కకి ఒరిగింది కూడా."

"ఏ పచ్చ?" అనేవాడు వెంటనే, వెలిగిపోతూ.

"ఉడకబెట్టిన బఠాణీ పచ్చ."

"అయితే అది నార్వే వాళ్ళ పడవే. వాళ్ళకి రంగులంటే బుద్ధిలేదు."

ఫర్గస్ పాపం ఏమీ ఎరగనట్టు బైనాక్యులర్స్ నా ఒళ్ళో పెట్టేవాడు. ఓడను తిట్టే వంకతో నేను దాన్ని ముక్కు నుంచి తోక దాకా వర్ణించేదాన్ని. ఒక్క అబద్ధం లేదు అందులో. ఉన్నది ఉన్నట్టే చెప్పాను, కాకపోతే కొంచెం ఎక్కువ చెప్పాను. చలికాలమంతా అలా గడిచింది.

వసంతం వచ్చాక ఒకరోజు డూగల్ తనే బయటపడ్డాడు. ఫర్గస్ ఇంకా రాలేదు. ఇద్దరమే ఉన్నాం.

"నడిమధ్య పోయింది నెటా," అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "కంటికి నడిమధ్యన. ఇంకా పోతుందట. అంచులు ఉంటాయంటున్నారు."

"తెలుసులే," అన్నాను.

"నీకు తెలుసని నాకూ తెలుసు. బఠాణీ పచ్చంటారా ఎవరైనా, ఊరికే?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "మా రోనా నాకు అబద్ధాలు చెప్తోందే. నా కూతురు! చొక్కా మీద గుడ్డు సొన కారి ఎండిపోయింది, వేలికి తగుల్తోంది నాకు. 'శుభ్రంగా ఉన్నావు నాన్నా' అంటుంది. గడ్డం సగం వదిలేసి గీసుకుంటే 'భలే నున్నగా ఉంది' అంటుంది. మాంసం కొట్టువాడూ అంతే, పక్కింటివాళ్ళూ అంతే. కళ్ళు పోతున్నాయని చెప్పిన రోజునుంచీ నన్ను ఉయ్యాల్లో పడుకోబెట్టి ఊపుతున్నారు అందరూ."

"నీమీద ప్రేమయ్యా అది."

"కావచ్చు. కానీ ఎవరు చెప్పింది నమ్మాలో తెలీక చస్తున్నా. ఈ బెంచీ ఒక్కటే మిగిలింది నాకు. ఇక్కడ చెప్పింది మాత్రం నిజం. ఇక్కడ కూడా నన్ను ఊపడం మొదలుపెట్టారనుకో, నేనింక రాను. ఇంట్లో కూర్చుంటా, గోడకేసి చూస్తా. గోడైనా అబద్ధం చెప్పదు."

"నేనా ఊపేది? నాకు ఉయ్యాల పట్టుకోవడమే రాదు," అన్నాను. అతను నవ్వాడు. నేను మాటిచ్చినట్టే లెక్క.

మరి కొన్నాళ్ళకే ఆ వార్త వచ్చింది. లేడీ ఆఫ్ టోవార్డ్‌ను తుక్కుకి అమ్మేశారని, గురువారం పొద్దున్న లాక్కుపోతారని. లేడీ అంటే మా చిన్నప్పటి ఫెర్రీ. మా పెళ్ళిళ్ళకు డనూన్ నుంచి చుట్టాలు దాని మీదే దిగారు. పని మాన్పించాక గ్రీనక్‌లో మా కంట పడని ఒక మూల కట్టేసి వదిలేశారు. మ్యూజియం చేస్తామన్నారు, హోటల్ చేస్తామన్నారు, చివరికి ఏమీ చెయ్యలేదు. ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు.  ప్రతి చలికాలం దానికి తెల్లరంగు వేసింది డూగలే. దాని టీ గదిలో పనిచేసిన ఇషబెల్‌ను పెళ్ళి చేసుకున్నదీ అతనే. టీ గది పైకప్పుకి రంగు వేస్తూ ఆమె కొత్త ఏప్రను మీద చుక్క రాల్చాడట. "పైనుంచి క్షమాపణ చెప్తే చెల్లదు, దిగి చెప్పు" అందట ఆ పిల్ల. ఇషబెల్ పోయి చాలాకాలమైంది. డూగల్ ఆమె పేరు ఎత్తేది తక్కువ. లేడీ పేరు మాత్రం రోజూ ఎత్తేవాడు.

"గురువారం నువ్వే చెప్పాలి," అన్నాడు నాతో. "ఫర్గస్ వద్దు, వాడి నోట్లో ఎప్పుడూ రొట్టె ఉంటుంది."

"చెప్తాలే."

"మొత్తం చెప్పాలి."

"చెప్తానన్నాను కదయ్యా, ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

గురువారం తెల్లారి తుంపర పడింది, తర్వాత ఆగింది. కొండల మీద మబ్బు ఇంకా కూర్చునే ఉంది. డూగల్ కోటు వేసుకుని, టై కట్టుకుని వచ్చాడు. ఎవరి చావుకో వెళ్ళేవాడిలా ఉన్నాడని నేను పైకి అనలేదు గానీ, టై సంగతి మాత్రం అన్నాను.

"టై వెనక్కి తిరిగింది. కుట్టు బయటికి కనబడుతోంది."

"చూశావా, రోనా బాగుందని పంపించింది!" అని టై విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. అంత సంతోషంగా టై కట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

కాసేపటికి ఫర్గస్ బైనాక్యులర్స్ దించి, నా చేతికిచ్చాడు. ముందు ఒక టగ్గు, వెనక ఒక టగ్గు, నడుమ లేడీ. నేను కళ్ళకు పెట్టుకున్నాను. పెట్టుకోకపోయుంటే బాగుండేది. ఆ ఓడను నేను గుర్తుపట్టలేదు. తెలుపనేది ఎక్కడా లేదు, అంతా తుప్పు. పొగగొట్టాన్ని మొదలంటా కోసేశారు. పేరున్నచోట గీకేసిన మచ్చ.  పక్కన డూగల్ తల ఓరగా తిప్పి, రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. ఆ ముఖం ఎదురుచూస్తోంది. ఆ ముఖానికి ఈ తుప్పు ఎలా చెప్పను?

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"చెప్పు మరి."

"తెల్లగా ఉంది," అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట, నేను అడ్డం పడేలోపే. "కడిగినట్టు తెల్లగా ఉంది డూగల్."

ఫర్గస్‌కి పొలమారింది. దగ్గుతూ నాకేసి చూశాడు. నేను కళ్ళతోనే నోరు ముయ్యమన్నాను.

"పొగగొట్టం?"

"ఎర్రగా. పైన నల్ల అంచు."

"ఏ ఎరుపు?"

"నువ్వు వేసిన ఎరుపే."

"పేరు?"

"పసుపురంగులో ఉంది. పక్కగా సన్నటి గీతతో."

"టీ గది కిటికీలు?"

"తుడిచారు కాబోలు, తళతళలాడుతున్నాయి." ఒకసారి మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. "జెండా కూడా కట్టారు."

 డూగల్ మెల్లగా లేచాడు. కింద పరుచుకున్న దుప్పటి ముక్కను మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నడిమధ్య పోయిందన్నాను గానీ అంచులు పోయాయన్నానా నెటా? అంచులో కనబడుతోంది నాకు. గోధుమరంగు ముద్ద ఒకటి పోతోంది నీళ్ళ మీద. జీవితమంతా తెలుపు వేసినవాణ్ణి, తెలుపేదో నాకు తెలీదా?"

"డూగల్..."

"లేని ఓడను చెప్పినవాళ్ళు దిగాలి. నువ్వు దిగనక్కర్లేదులే. నేనే దిగుతా."

కోపంగా అనుంటే తట్టుకునేదాన్ని. నన్ను ఎవరు తిట్టినా తిరిగి తిట్టగలను. అతను మర్యాదగా అన్నాడు, బస్సులో పరాయిమనిషితో అన్నట్టు. కర్ర తాటిస్తూ ఒడ్డు వెంట ఇంటి వైపు నడిచాడు. కుక్కలను తిప్పుతున్న ఇద్దరు ఆడవాళ్ళు అతనికి పక్కకు తప్పుకుని దారిచ్చారు.

"బుద్ధుందా నీకు?" అన్నాడు ఫర్గస్. అతను నన్ను ఒకమాట అనడం అదే మొదలు. "పరిగెత్తు! లేడీ మలుపు తిరిగిందంటే ఇంక చెప్పడానికి ఏముంటుంది?"

నా మోకాళ్ళు పరిగెత్తేవి కావు. నోరు మాత్రం ఇంకా నడుస్తుంది. లేచి నిలబడి, టికెట్ల కిటికీ నుంచి రేవు చివరిదాకా వినిపించిన ఆ పాత గొంతు తీశాను.

"తుప్పు!" అని అరిచాను. "విన్నావా ముసలాడా? తుప్పు! ముక్కు నుంచి తోక దాకా తుప్పే!"

కుక్కలవాళ్ళు ఆగిపోయారు. డూగల్ ఆగలేదు.

"పొగగొట్టం లేదు! కోసేశారు, మొండెంలా ఉంది! పేరు గీకేశారు వెధవలు, నీ చేత్తో రాసిన పేరు! పక్కన వేలాడే పడవలు లేవు, జెండా లేదు, ఏమీ లేదు! నీ తెలుపు అరచేతి వెడల్పు కూడా మిగల్లేదు డూగల్!"

అక్కడికి ఆగాడు. వెనక్కి తిరగకుండా, "అరవకు. డనూన్ దాకా వినిపిస్తోంది," అన్నాడు.

"విననీ! నువ్వొచ్చి కూర్చునేదాకా అరుస్తా! నేను చూడలేకపోయానయ్యా, నీకెలా చెప్పమంటావు? అందుకని చెప్పలేదు. నీమీద జాలితో కాదు. నా చేతకాక."

 బెంచీ ముందు నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను, సిగ్గు కూడా వెయ్యలేదు. కర్ర చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి ఇటువైపుగా. వచ్చి, దుప్పటి పరుచుకుని, కూర్చున్నాడు.

"నేను దిగిపోతాలే," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"దిగుదువుగాని. ముందు ఓడ చెప్పు. అరవకుండా. ముక్కు దగ్గర మొదలుపెట్టు."

బైనాక్యులర్స్ మళ్ళీ కళ్ళకు పెట్టుకున్నాను. అవి కదలకుండా ఫర్గస్ నా మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టాను. లంగరు లేదన్నాను. పక్క రేకుల మీద తుప్పు చారలు చారలుగా కిందికి దిగిందన్నాను. "ఏ రంగు తుప్పు?" అన్నాడు. "కొన్నిచోట్ల నారింజ, కొన్నిచోట్ల నలుపుకి తిరిగింది," అన్నాను. తలాడించాడు. పైన రెయిలింగు వంగిపోయింది. జనం కూర్చునే బల్లలన్నీ పీకేశారు. ప్రతి ముక్కకీ అతని ముఖం ఒకసారి ముడుచుకుంటోంది, తర్వాత సర్దుకుంటోంది. చెప్పడం నొప్పిగానే ఉంది, అయినా ఆపలేదు.

"టీ గది?" అన్నాడు చివరికి.

"కిటికీలకు చెక్కలు కొట్టేశారు. ఒక్కదానికి చెక్క ఊడిపోయింది. అద్దం లేదు."

"ఎటువైపుది?"

"వెనకవైపు చివరిది." నేను బైనాక్యులర్స్ సరిచేసుకుని మళ్ళీ చూశాను. ఆ కిటికీలో ఏదో కదిలింది. "ఉండు. అందులో సీగల్ పిట్ట ఉంది."

"ఏంటీ?"

"సీగల్ డూగల్. పెద్ద దున్నపోతులా ఉంది. కిటికీలో బైఠాయించింది. ఓడ తనదే అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. టగ్గు కూత వేసినా కదలట్లేదు."

  డూగల్ నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

"ఆ కిటికీయే," అన్నాడు ఊపిరి అందక. "ఇషబెల్ ఆ కిటికీలోంచే మిగిలిన స్కోన్ రొట్టెలు వేసేది వాటికి. వెయ్యొద్దని కెప్టెను మొత్తుకునేవాడు. ఒకటైతే లోపలికే వచ్చి కౌంటరు మీద కూర్చునేది. ప్రతి వేసవీ ఆవిడకి తిట్లు. నేను వేసిన కొత్త రంగు మీద రెట్టలు! నేనూ తిట్టేవాణ్ణి నెటా. 'నా తెలుపు పాడుచేస్తున్నావే' అని రోజూ తిట్టేవాణ్ణి. 'ఆకలేస్తే వాటికి రంగు సంగతి ఏం తెలుసు' అనేది తను. ఈ మాట మర్చేపోయాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి గుర్తురాలేదు నాకు."

 నేను తళతళలాడించిన కిటికీలో ఆ పిట్ట ఉండేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు.

"ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"ఎగిరిపోతే చెప్పు."

"చెప్తా."

నా చెయ్యి పట్టుకున్నాడు. మేము చేతులు పట్టుకునే మనుషులం కాము, అయినా పట్టుకున్నాడు, నేను పట్టుకోనిచ్చాను. టగ్గులు దీపస్తంభం వైపు మళ్ళాయి. లేడీ మా కంటికి సన్నబడుతూ వచ్చింది. ప్రతి కాసేపటికీ "ఉందా?" అంటున్నాడు, "ఉంది," అంటున్నాను. పిట్ట ఎగరలేదు. ముందు టగ్గు మలుపు తిరిగింది. తర్వాత లేడీ ముక్కు తిరిగింది, నడుము తిరిగింది. వెనకవైపు చివరి కిటికీ అన్నిటికన్నా ఆఖరున కొండ చాటుకి వెళ్ళింది.

నేను బైనాక్యులర్స్ దించాను.

"ఇంక కనిపించట్లేదు డూగల్," అన్నాను.

అతను నీళ్ళవైపే, తల ఓరగా తిప్పకుండా, తిన్నగా చూస్తున్నాడు.

"నాకూ కనిపించట్లేదు," అన్నాడు.